మస్కట్‌లో మామిడిచెట్టు వేషం

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, మస్కట్ వెళ్ళొచ్చినవాడికి టేప్‌రికార్డరుతోపాటు భాష కూడా వచ్చేస్తుందని మా నూజివీడు వైపు అందరం నమ్మేవాళ్ళం. ఇంగ్లీషూ హిందీ చెరో రెక్కా పట్టుకుని నన్ను తొమ్మిదో తరగతిలోనే బడి బయట దింపాయి కాబట్టి, మూడో భాషను నమ్మకూడదన్న ఇంగితం నాకుండాల్సింది. ఆగిరిపల్లిలో మా తోట పక్కన గల్ఫ్ మావయ్య ఉండేవాడు (గల్ఫ్‌లో ఉన్నది ఏడాదే, పేరు మాత్రం జీవితాంతం). మస్కట్‌లో తను పనిచేసిన పెద్దాయన పెరట్లో మామిడిచెట్టు కాయడం లేదని నన్ను తోటమాలిగా పంపించాడు. "చెట్టు కాస్తే ఉంటావు, లేకపోతే వచ్చేస్తావు. 'మాయ్' అంటే నీళ్ళు, 'లా' అంటే వద్దు. ఈ రెండూ చాలురా అల్లుడూ" అన్నాడు.

చెట్టు జబ్బేమిటో వెళ్ళిన రోజే తెలిసిపోయింది. మన దగ్గర పూతకు ముందు నీళ్ళు ఆపి చెట్టును ఎండబెడతాం. అక్కడ పెద్దాయన పొద్దునా సాయంత్రం రబ్బరు పైపు పట్టుకుని, చంటిపిల్లకు పోసినట్టు నీళ్ళు పోస్తున్నారు. చెట్టు నిండా ఆకే. "మాయ్ లా అండీ" అన్నాను (అండీ లేకుండా పెద్దవాళ్ళతో ఏ భాషా రాదు నాకు). ఆయన నవ్వారు గానీ పైపు వదల్లేదు. ఇక నటనకు దిగాను. కొమ్మల్లా చేతులు చాపి, దాహంతో నాలుక బయటపెట్టి, ఆపైన వేళ్ళు విప్పి పూత పూయాలని నా పథకం. నాలుక దగ్గరే ఆయన కంగారుపడి గ్లాసుడు నీళ్ళు తాగించారు. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ గ్లాసు. ఆ శీతాకాలమంతా నేనూ చెట్టూ కడుపునిండా తాగాం. పూత మాత్రం ఇద్దరికీ రాలేదు.

రేపో మాపో ఇంటికి పంపిస్తారని పెట్టె సర్దుకుంటూనే, పక్కింటి డ్రైవరు దగ్గర అరబ్బీ మాటలు పోగేశాను. మళ్ళీ చలికాలానికి ఒక పూర్తి వాక్యం తయారైంది. పైపుకి అడ్డంగా నిలబడి, కాస్త దాహం వేస్తేనే ఇది కాస్తుందని వాళ్ళ భాషలోనే చెప్పేశాను.

"నువ్వు మొదటిరోజే చెప్పావుగా, అర్థమైంది" అన్నారాయన, నాకు తెలిసేలా నెమ్మదిగా. "చిన్నప్పుడు మేం దాహంతో పెరిగాం. నా ఇంట్లో దేన్నీ దాహంతో ఉంచలేను. అది కాయకపోతే పోనీ, నువ్వుండు."

ఉన్నాను, కొన్నేళ్ళు. ఒక్క కాయ చూడలేదు.

ఇప్పుడు మా తోటలో కార్తీకంలో నీళ్ళు ఆపేటప్పుడు, గట్టు పక్క చెట్టుకు మాత్రం చూసీ చూడనట్టు కాస్త నీళ్ళు వదులుతుంటాను. "ఇదొక్కటీ కాయదేంటి నాన్నా?" అని మావాడు అడుగుతాడు.

"పాపం, దానికి మన భాష రాదురా" అంటాను.