గొంతులు కాదు, చేతులు... మా బాపు గిన్తీ

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవుల్లో ఫలక్‌నుమా స్టేషన్‌లో మా బాపు, అంటే మా నాన్న, "గిన్తీ" అని కేక వేశాడంటే, మూడు కుటుంబాలు ప్రయాణమైనట్టే. ఎనిమిది మంది పిల్లలం ఎక్కడున్నా సరే, లెక్కకు వరసగా మా నంబర్లు అరవాలి... ఏక్, దో, తీన్...

బాపు కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఛార్జ్‌మన్, అంటే షిఫ్టులో పనివాళ్లందరికీ పెద్ద. షిఫ్టు మారేటప్పుడు తన మనుషులను లెక్కపెట్టుకోవడం ఆయనకు అలవాటు. అదే మా ప్రయాణాల్లోకీ వచ్చింది. ఆయనతో పనిచేసే ప్రభుదాస్ అంకుల్ వాళ్లు, భీమవరం నుంచి వచ్చి స్థిరపడిన సుబ్బారావు గారి వాళ్లు, మేము... ఏటా ప్యాసింజర్ బండిలో గద్వాల వెళ్లి, జూరాల డ్యామ్ చూసి వచ్చేవాళ్లం. గొప్ప టూరేమీ కాదు. కానీ మా గల్లీలో ముగ్గురు దోస్తులు పిల్లాజెల్లాతో కలిసి వెళ్లేది మేమే అని నాకు మహా గర్వంగా ఉండేది.

నా నంబరు ఛే, అంటే ఆరు. ప్రభుదాస్ అంకుల్ కూతురు రూతుది సాత్, ఏడు. ఇద్దరిదీ ఒకే క్లాసు, బండిలో ఒకే కిటికీ... దానికోసం రోజంతా కొట్లాట.

నాకు తొమ్మిదేళ్లున్న ఏడాది... జడ్చర్లలో బండి ఆగింది. రూతు మరచెంబు పట్టుకుని నీళ్లకు దిగింది. మరచెంబు తెలుసు కదా... మూత తిప్పి బిగించే ఇత్తడి చెంబు. మా వాటర్ బాటిల్ అదే. బండి కదలగానే బాపు గిన్తీ అడిగాడు.

నేను "ఛే" అన్నాను. తర్వాత గొంతు లేదు. రూతు ఎక్కే ఉంటుంది, తలుపు దగ్గర నిలబడి ఉంటుంది అనుకున్నాను. గొంతు సన్నగా చేసి "సాత్" కూడా నేనే అనేశాను, అచ్చం దానిలాగే. వెనకనుంచి "ఆఠ్" వచ్చింది. లెక్క సరిపోయింది. ఆ అతి తెలివి తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కాసేపటికి ప్రభుదాస్ అంకుల్ మంచినీళ్లు అడిగారు. మరచెంబు లేదు... రూతూ లేదు.

తర్వాతి స్టేషన్‌లో అందరం దిగిపోయాం. బాపూ, అంకులూ రోడ్డు మీదికి పరుగెత్తి, వెనక్కి పోయే లారీ ఎక్కారు. మేం సామాన్లతో ప్లాట్‌ఫాం మీద మిగిలాం. రూతు చెప్పులు బండిలోనే విప్పి దిగిందట. వాళ్లమ్మ సరోజ ఆంటీ ఆ చెప్పులు ఒళ్లో పెట్టుకుని పట్టాల వైపే చూస్తూ కూర్చుంది. నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.

"ఆంటీ... సాత్ అన్నది నేనే" అని చెప్పేశాను.

మా అమ్మ చెయ్యి లేపింది. సరోజ ఆంటీ ఆపింది. "దాన్ని కొడితే నా పిల్ల వస్తదా వదినా... కూసోనీ" అంది. రెండు గంటలు అలాగే కూర్చున్నాం. అంత పొడుగు మధ్యాహ్నం నేను మళ్లీ చూడలేదు.

చివరికి బాపూ, అంకులూ ఎక్కిన ఒక జీపు వచ్చి ఆగింది. రూతు దిగింది... ఒట్టి కాళ్లతో, చేతిలో మరచెంబుతో. జడ్చర్ల స్టేషన్‌లో టీ అమ్మే ఆమె తన పక్కన కూర్చోబెట్టుకుందట. రూతు తిన్నగా నా దగ్గరికి వచ్చి "నీళ్లు దెచ్చిన" అంది. నేను భోరున ఏడ్చాను.

సరోజ ఆంటీ కూతురికి చెప్పులు తొడిగి, బాపు వైపు తిరిగింది. "ఇంటికి పోతం అన్నా. ఇంక మేం ఎప్పుడూ మీ వెంట రాం."

నేను చేసిన పని అమ్మ అప్పటికే బాపుకు చెప్పేసింది. ఆయన నన్ను చూపించి తప్పించుకోవచ్చు. కానీ అలా చెయ్యలేదు. "తప్పు పిల్లది గాదు చెల్లే, నాది. నేను గొంతులు లెక్కవెట్టిన... ముఖాలు చూడలే" అన్నాడు, అందరి ముందూ. ఫ్యాక్టరీలో అంతమందికి పెద్ద, తొమ్మిదేళ్ల పిల్ల తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. నేను ఆయన బిడ్డనని ఆ రోజు పడ్డ గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

సాయంత్రం తిరుగుబండి వచ్చింది. బాపు తలుపు దగ్గర నిలబడి అరచెయ్యి చాపాడు. "ఇగ నోటితోని గిన్తీ లేదు. ఒక్కొక్కరు నా చేతిల కొట్టి ఎక్కున్రి" అన్నాడు. రూతు కొట్టిన దెబ్బ ప్లాట్‌ఫాం అంతా వినిపించింది. ఆంటీ అది చూస్తూనే బండెక్కింది.

మరుసటి వేసవిలో వాళ్లను పిలిచే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఒక పొద్దున సరోజ ఆంటీయే మా గడపలో నిలబడి అడిగింది... "ఈసారి బండిలకు పులిహోర మీరు చేస్తరా వదినా, నేను చెయ్యాల్నా?"

పోయిన నెల మళ్లీ జూరాల వెళ్లాం. రూతు వాళ్లు, మేము, సుబ్బారావు గారి అబ్బాయి వాళ్లు, అందరి పిల్లలు... వ్యానులో. ముందు సీట్లో బాపు. దారిలో హోటల్ దగ్గర టీలు తాగి ఎక్కేటప్పుడు, కిటికీలోంచి ఆయన చెయ్యి బయటికి వచ్చింది. పిల్లలు ఒక్కొక్కరే కొట్టి ఎక్కారు. రూతు చిన్న కూతురు జోయ మాత్రం రాలేదు.

"జోయ వెనక సీట్ల ఉంది తాతా" అన్నాడు మా వాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. నేను గబుక్కున వాడి వైపు తిరిగాను. రూతు నన్ను చూసి నవ్వింది.

డ్రైవర్ బండి స్టార్ట్ చేసి "పోదమా సార్?" అన్నాడు.

బాపు చెయ్యి లోపలికి తీసుకోలేదు. "ఆగు భాయ్. ఇంకొక చెయ్యి రావాలె."

అందరం ఆగాం. బాత్రూమ్ వైపు నుంచి జోయ పరుగెత్తుకొచ్చి, తడి చేత్తో ఫట్‌మని కొట్టింది. అప్పుడు కదిలింది మా బండి.

ఆ మరచెంబు ఏమైందో తెలియదు. ప్రభుదాస్ అంకుల్, సుబ్బారావు గారు ఇప్పుడు లేరు. ఎవరెక్కడున్నారో ఫోన్లే చెప్పేస్తున్నాయి... అయినా మా పిల్లల లెక్క మాత్రం ఆ అరచేతిలోనే తేలాలి.

మీ ఇంట్లో అందరూ ఎక్కేదాకా బండి కదలనివ్వని ఆ చెయ్యి ఎవరిది... కింద రాయండి, చదువుకుంటాను.