అంబలి మొక్కు

పందొమ్మిది వందల అరవై తొమ్మిది, మాఘమాసం, మూడో ఆదివారం, మధ్యాహ్నం పన్నెండు గంటలు. చీపురుపల్లి స్టేషన్లో పాసింజరు కూత వేసింది. మా పెరట్లో పిడకల పొయ్యి మీంచి పరమాన్నం దించారు. నా పథ్యం ఆ గంటకు చచ్చింది.

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ముందుది వెనక, వెనకది ముందు రాస్తే మీరే సర్దుకోండి.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు, ముగ్గురు పిల్లలు. వడ్ల బస్తా కంటే బరువుండేదాన్ని. మా ఊళ్ళో మనిషిని తూచే కాటా లేదు. స్టేషన్లో పార్సిళ్ళు తూచే కాటా మీద నిలబడితే నూట రెండు కిలోలు చూపించింది. అక్కడి కూలీ, "లేబులెక్కడికి రాయమంటావమ్మా, కలకత్తాకా, మద్రాసుకా?" అన్నాడు. మా ఇంటాయన కూడా నవ్వాడు.

తిండంటే నాకు ఇష్టం. ఆ మాట దాచను. దానికి తోడు మా ఇంట్లో కోడలు అందరి తర్వాత తినాలి. ఆఖరున తినేదానికి తక్కువ దొరుకుతుందని లోకం అనుకుంటుంది. పెద్ద సంసారంలో గిన్నెల్లో మిగిలినదంతా ఆఖరున కూర్చున్నదాని కంచంలోకే వస్తుంది. అన్నం పారేస్తే పాపం. పొద్దున్నే చద్దన్నం కూడా నాకే. పైగా కరువు ఏళ్ళు అప్పుడే దాటాం. లావుపాటి కోడలుందంటే ఆ ఇంటి గాదెలో గింజలున్నాయని లెక్క. నన్ను చూసి మా అత్త గొప్పపడేది.

చిన్నవాడు పుట్టాక నా బొడ్డు పక్కన పేగు పొడుచుకొచ్చింది. మొదట నిమ్మకాయంత ఉండేది. పోనుపోను కొబ్బరికాయంత అయింది. దగ్గితే బయటికి వచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. బిందె ఎత్తితే కళ్ళు చీకట్లు కమ్మేవి. దసరా వెళ్ళాక మా ఇంటాయన నన్ను విజయనగరం తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ నొక్కి చూసింది.

"కోసి కుట్టాలి. కానీ ఇంత కొవ్వు మీద కుట్టు నిలవదు. మత్తిస్తే నీ ఊపిరి తట్టుకోదు. డెబ్బై కిలోలకు దిగి రా, చేస్తాను. ఈలోగా ఏ రోజైనా ఆ పేగు మెలిపడి లోపలికి పోకపోతే, బండి కట్టేలోపే నీ పని అయిపోతుంది."

"ఎలాగ దిగుతానమ్మా? ఉపాసాలుండమంటావా?"

"వద్దు. నెల్లాళ్ళు మాడి, ఆ తర్వాత రెండింతలు తింటావు. బతికినన్నాళ్ళూ తినగలిగిందే తినాలి. మీ పొలంలో కూలివాళ్ళు ఏం తింటారు?"

"సోడంబలి. ఉల్లిపాయ నంజుకుంటారు."

"వాళ్ళలో నీలాంటిది ఒక్కతైనా ఉందా?"

లేదు.

"అదే తాగు. పొద్దున్నా రాత్రీ అంబలి, మధ్యాహ్నం ఒక గరిటెడు అన్నం, మిగతా అంతా కూర."

"ఎన్నాళ్ళమ్మా?"

"నీకెన్నాళ్ళు బతకాలనుంది?" అని ఇంకొకరిని పిలిచింది.

సోడంబలి అంటే చోళ్ళ అంబలి, చోళ్ళంటే రాగులే. ఆ పిండి కాచి పులియబెట్టిన అంబలి మా ఇంట్లో కుండతో ఉండేది, కూలివాళ్ళ కోసం. మర్నాడు పొద్దున్నే అందులోంచి ఒక గిన్నె ముంచుకుంటే మా అత్త చెయ్యి పట్టుకుంది.

"కూలోళ్ళకి పోసేది కోడలికి పోస్తన్నామని ఊరంతా అనుకోదేటే? నా మొకం ఎక్కడెట్టుకోను?"

ఆ పక్కనే గిన్నె పట్టుకుని నిలబడ్డ మా కూలిమనిషి ఊరుకోలేదు. "ఏటమ్మా, వరన్నం మీరే తింటన్నారు, ఇప్పుడు అంబలిలోకీ సెయ్యెట్టేసినారు. మేమేటి, గడ్డి తినాలా?"

అయినా తాగాను. మొదటి పది రోజులూ రాత్రి ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైంది. రుచి కూడా తెలిసింది. అది బతికినన్నాళ్ళూ తాగగలిగిన తిండే. డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు.

నా జాకెట్లు వదులయ్యాయి. అది పక్కింటి ముసలమ్మ కంట్లో పడింది. గోడ మీంచి తొంగిచూసి, "ఏటే, నీ కోడలు సిక్కిపోతన్నాది, తిండెట్టడం మానేసినావేటి?" అని మా అత్తని అడిగింది.

మా అత్త తడుముకోలేదు. "మాకేటి తిండికి లోటు? అరసవిల్లి దేవుడికి మొక్కుకున్నాది. పొట్ట బాగవ్వాలని అన్నం మానేసినాది."

మంచిదే అనుకున్నాను. ఆ మాట ఊరంతా పాకాక నన్నెవరూ బలవంతపెట్టలేదు. పెళ్ళిభోజనాల్లో నా ఆకులో మారు వడ్డించబోయిన చేతుల్ని పక్కవాళ్ళే ఆపేవారు. పుష్యమాసంలో మళ్ళీ స్టేషను కాటా ఎక్కితే తొంభై ఒకటికి వచ్చాను. ఆ కూలీ ఈసారి ఏమీ అనలేదు.

మాఘం వచ్చింది. సాలూరు నుంచి పెద్దాడపడుచు మొగుడితో సహా వచ్చింది. వస్తూనే, "మొక్కు ఎప్పుడు తీరుస్తారు?" అంది.

ఆ ప్రశ్న వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. మాకు మాఘ ఆదివారాలు ఆ అరసవిల్లి సూర్యుడివి. ఎండలో పిడకలు పేర్చి, పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో పెట్టి దేవుడికి చూపించాలి. మొక్కుకున్న మనిషి కడుపునిండా తిని లేవాలి. అంతటితో సరి. తీరిన మొక్కుని మళ్ళీ పట్టుకోకూడదు.

"అత్తా, ఇది తీరేది కాదు కదా," అన్నాను చాటుగా.

"తీరని మొక్కుంటాదేటే? దేవుడేటనుకుంటాడు?" అంది. తన నోటితో పుట్టించిన మొక్కుని అప్పటికి తనే నమ్మేసింది.

ఆ ఆదివారం నన్ను తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టారు. ఆడపడుచు ఆకు నిండా పరమాన్నం పెట్టింది. నెయ్యి కారుతోంది.

"తినెయ్యి. రేపట్నుంచి అందరితోపాటు అన్నమే. ఇంక అంబలి ముట్టకు, కీడు."

"వదినా, నాకు మొక్కేటీ లేదు," అన్నాను. "డాక్టరమ్మ సెప్పిన తిండి ఇది. డెబ్బైకి దిగితే గానీ..."

ఆడపడుచు తల్లి వైపు తిరిగింది. "దేవుడి పేరెట్టి అబద్ధమాడినావేటే అమ్మా?"

 మా అత్త అక్కడే ఆడుకుంటున్న నా చిన్నవాణ్ణి లాక్కుని, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి తల మీద కొంగు కప్పింది. ఎండ తగలకుండా కప్పినట్టు లేదు. ఆ అబద్ధానికి దేవుడు ఎవర్ని పట్టుకుంటాడని ఆమె భయపడిందో నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే నాకూ ఆ భయమే పట్టుకుంది.

"మొక్కే వదినా. ఏదో నోరు జారినాను," అన్నాను.

తిన్నాను. బాగుంది. రెండోసారి పెట్టించుకున్నాను, మూడోసారి వాళ్ళే పెట్టారు.

ఆ సాయంత్రం మా ఇంటాయనని అడిగాను, "మావా, రేపు అంబలి తాగనా?" అని.

"అమ్మున్నన్నాళ్ళూ వద్దులే. తరవాత సూద్దాం," అన్నాడు. ఆమె తొంభై ఏళ్ళు బతికింది. పక్కింటావిడ గోడ మీంచి చూస్తూనే ఉంది. ఆ ఏడు ఉగాదికల్లా నా జాకెట్లు మళ్ళీ బిగిశాయి. ఆ తర్వాత కాటా ఎక్కలేదు, విజయనగరం వెళ్ళలేదు. ఏ మొహంతో వెళ్ళను?

పేగు మెలిపడలేదు. అదృష్టవంతురాలివి అంటారు. ప్రతి దగ్గుకీ పొట్టకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇదేనేమో ఇదేనేమో అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపిన మనిషికి ఆ అదృష్టం ఎలాంటిదో తెలుసు. ఇప్పుడిక కొయ్యరు, వయసు మీరిందట.

నా పథ్యం చచ్చిన ఆ రోజు పెరట్లో ఉన్నవాళ్ళు: మా అత్త, ఆమె ఒళ్ళో నా చిన్నవాడు, పొయ్యి దగ్గర నా ఇద్దరు ఆడపిల్లలు, వడ్డించిన పెద్దాడపడుచు, గుమ్మంలో బీడీ కాలుస్తూ లారీ నడిపే ఆమె మొగుడు, గోడ అవతల పక్కింటి ముసలమ్మ, చిక్కుడాకులు కోసి తెచ్చిన కూలిమనిషి, ఒక్క మాటా మాట్లాడని మా ఇంటాయన, పీట మీద నేను.