తోడికోడలి కెమెరా

నేను టీవీలో వచ్చినాను, తెలుసునా మీకు? మొహం కాదు, గొంతు మాత్రమే. చిత్తూర్లో మా మరిది ఇంట్లో, సుట్టాలందరూ కూర్చోనుండంగా. ఆ గొంతు నాది కాదని చెప్పుకునేదానికి కూడా లేకపాయె. వినండి.

మా తోడికోడలు రేణుక పోయినేడు డిజిటల్ కెమెరా కొనింది. అరచేతిలో పట్టే వెండిరంగు డబ్బా. అప్పట్నుంచి ఏ పెండ్లికి పోయినా "రేణుకా ఈడ ఒకటి తీయి, రేణుకా ఆడ ఒకటి తీయి" అని అందరూ దాని ఎనకే. పెద్దకోడలు ఒకతి ఉండాదని వడ్డించేటప్పుడు మాత్రం గుర్తొస్తాది వాళ్ళకి. మా అత్తయితే కెమెరా కనపడంగానే పైట సర్దుకోని, తల ఒక పక్కకి వంచి నిలబడతాది. నాకు కడుపులో మంట. అబద్ధం చెప్పను.

అట్లాంటి ఒక పెండ్లి నుంచి తిరుపతిలో మా ఇంటికి తిరిగొచ్చినాక, మనమూ ఒకటి కొందామా అని మా ఆయన్ని అడిగినా. ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. ఏది కొనాలన్నా నెలలు నెలలు ఆలోచిస్తాడు, ఆ లోపల ఆ వస్తువు మీద నాకే ఆశ పోతాది. "ఫోన్లో కెమెరా ఉండాది గదా మే, మళ్ళీ వేరేగా ఎందుకు?" అన్నాడు. ఆ ఫోన్తో తీస్తే మా పిల్లోడు, వాడి ఎనకుండే గోడ ఒకే రంగులో వస్తారు. అదే చెప్పినా. ఆఖరికి రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాము, నిజంగా అంత తేడా ఉంటే కొందాము, లేకుంటే ఇంక ఆ మాటెత్తకూడదు అని తేల్చినాడు.

గంగజాతరకి రేణుకోళ్ళు మా ఇంటికొచ్చినప్పుడు కెమెరా అడిగినా. ఇయ్యదులే, ఇయ్యకపోతే దాన్ని ఆడిపోసుకునేదానికి ఒక సాకన్నా దొరకతాది అనుకున్నా. అదేమో అడగంగానే ఇచ్చేసింది. ఏ బటను ఎట్ల నొక్కాల్నో ఓర్పుగా చూపించింది. పైనుండే చక్రం మటుకు తిప్పొద్దక్కా, ఫోటోకి బదులు వీడియో పడతాది అనింది. నాకంటే చిన్నది, నాకు నేర్పిస్తా ఉండాదే అనే మంటలో నేను సగమే విన్నా.

వాళ్ళు ఊరికి పోయినాక వంటింట్లో పరీక్ష మొదలుపెట్టినా. ఫోన్తో ఒకటి, కెమెరాతో ఒకటి. పూలకుండీ, పిల్లోడు, కిటికీలోనుంచి కనపడే కొండ. కెమెరాలో చూస్తే కొండ మీద చెట్టు చెట్టూ తెలస్తా ఉండాది. ఫోన్లో కొండ ఉండాదో మబ్బు ఉండాదో దేవుడికే తెలియాల. చూసేకొద్దీ నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే పక్కింటి వసంత తోడు పెరుగు కోసం గిన్నె పట్టుకోనొచ్చింది. దాన్నీ ఒకటి తీద్దామని బటను నొక్కితే టక్కుమనలేదు. ఎర్ర చుక్క ఒకటి ఎలిగింది. బ్యాటరీ అయిపోయిందేమోలే అని దాన్ని ఊరగాయ జాడీ ముందర పెట్టేసి మాటల్లో పడినా. చక్రం ఎప్పుడు తిరిగిందో ఏమో. మాటలంటే ఇంకేం మాటలు, రేణుకని గురించే. తర్వాత చూస్తే కెమెరా ఆరిపోయి ఉండాది. సంచిలో పెట్టేసినా.

రేణుక కూతురికి చెవులు కుట్టే పొద్దు చిత్తూరుకి తీసుకుపోయి ఇచ్చేసినా. రేణుక కొత్త సెల్లులు ఏసుకోని ఫోటోలన్నీ తీసింది. భోజనాలైనాక అందరూ హాల్లో చేరితే, కెమెరాకి వైర్లు తగిలించి టీవీలో పెట్టింది. పొద్దున తీసినవి అయిపోయినాయి. ఇంక అక్క తీసినవి చూద్దామని ఎనక్కి జరిపి, వాటిని మొదట్నుంచి పెట్టింది. పూలకుండీ వచ్చింది, బాగుండాదన్నారు. కొండ వచ్చింది, ఇంకా బాగుండాదన్నారు. ఇన్నాళ్ళకి నన్ను కూడా మెచ్చుకుంటా ఉండారే అని పొంగిపోయినా. అంతలో ఊరగాయ జాడీ వచ్చింది. జాడీ కదల్లేదు. నేను మాట్లాడబట్టితిని.

"ఫోటో తీసేది దానికేమన్నా వచ్చునా వసంతా? డబ్బా చేతిలో ఉంటే ఎవురైనా తీస్తారు. దాన్ని పట్టుకోని కొత్త పెండ్లికూతురు మాదిరి తిరగతాది. మా అత్త ఇంకొకతి. ఈ వయసులో ఆమె వయ్యారం చూడాల..."

మా ఆయన ఎగిరి లేచి టీవీ ఎనక చెయ్యి పెట్టి చేతికందిన వైరు పీకినాడు. పసుపుది. బొమ్మ పోయింది, గొంతు పోలేదు. నల్లగా ఉండే టీవీలోనుంచి ఇంకా బాగా వినపడింది. అత్త వయ్యారం గురించి మిగిలిందంతా అందరూ శ్రద్ధగా విన్నారు. ఆమె చెయ్యి దానంతట అదే పైట మీదికి పోయింది. సర్దుకోబోయి, గబుక్కున తీసేసింది.

రేణుక లేచి వంటింట్లోకి పోయింది. ఎనకే పోయినా. కాఫీ కలపతా ఉండాది, కండ్లలో నీళ్ళు. అదంతా కుళ్ళుతో అన్న మాటలేనమ్మా, ఇంకేం లేదు అన్నా.

"ఫంక్షన్లలో ఫోటోలు నీకే తీయాలని ఉంటే అడగచ్చు గదక్కా," అనింది. "పొద్దున నా బిడ్డ ఎట్ల ఏడ్చిందో చూసినావు గదా. ఎత్తుకునేదానికి లేకుండా ఫోటో తీస్తా నిలబడుకోనుండా. అందరికీ నేను తీసిన ఫోటోలు కావాల. నేనెవురికి కావాల?"

చెయ్యి పట్టుకున్నా. విడిపించుకోలేదు, అదే పదివేలు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా ఆయన ఒక్క మాటే అన్నాడు, "సౌండు మటుకు బాగా పడింది మే." కొనాలా వద్దా అనే తగువు దాంతో తీరిపోయింది. కొనే పని కూడా లేకపోయింది. అప్పట్నుంచి ఏ ఫంక్షనుకి పోయినా రేణుక గుమ్మంలోనే కెమెరా నా చేతిలో పెట్టి, బిడ్డనెత్తుకోని పోయి నిమ్మళంగా కూర్చుంటాది. ఇప్పుడు అందరూ నా ఎనకే. వదినా ఈడ ఒకటి, అక్కా ఆడ ఒకటి. రెండు మెతుకులు తినేదానికి తీరిక లేదు.

మొన్న పాకాలలో పెండ్లికి కూడా ఫోటోలన్నీ నేనే తీసినా. బ్రహ్మాండంగా వచ్చినాయి. ఇంటికొచ్చి అందరం టీవీలో చూసినాం. మొత్తం అయినాక మా అత్త మెచ్చుకోలుగా తలాడించి అడిగింది:

"అంతా బాగుండాది గానీ, పెద్దకోడలు రాలేదా యేమి పెండ్లికి?"

నేను ఆమెకి ఆనుకోనే కూర్చోనుండా.