మేస్త్రి ఇంటి బోరు

ఇవాళ బోరు మెషిన్, ఊరందరికీ బోర్లు వేసే మేస్త్రి సొంత పెరట్లోనే తిరుగుతోంది. ఆయన ఒక్కచోట నిలవలేకపోతున్నాడు. గుంతలోంచి ఎగిరొచ్చే రాతిపొడిని పట్టి, వేళ్ల మధ్య నలిపి, విదిలించి, మళ్లీ వంగుతాడు. అడుగున పగుళ్లు లేని, నీళ్లు పడని నల్లరాయి ఉందన్న అనుమానంతోనే ఇన్నేళ్లూ వాయిదా వేశాడు. వీధి కుళాయి నుంచి నీళ్లు మోసే భార్య ఖాళీ బిందెతో గుమ్మంలో నిలబడింది.

“చెమ్మ తగిలిందా?”

“లేదే. ఎండు నల్లపొడే.”

“ఊళ్లోవాళ్లకైతే ఏం చెప్తారు?”

“నల్లరాయి తగిలాక మొండికెయ్యొద్దు, ఆపెయ్యండంటాను.”

“మరి ఆపండి. నా నడుముకి అలవాటేలెండి.”

ఆయన బిందె వైపు చూశాడు.

“ఇంకొక్క రాడ్డు దింపు,” అన్నాడు ఆపరేటర్‌తో, ఇలాగే అడిగి తన చేత చీవాట్లు తిన్న ఊళ్లోవాళ్లందరిలాగే.

రాడ్డు దిగింది. పొడి ఎండుగానే ఎగిరింది.

“ఇంకొకటి,” అన్నాడు.