పదును అనే మాట

ఎమ్మేలో నా ప్రాజెక్టు మొదటి ప్రతిని రాసింది నేను కాదు. ఈ సంగతి నేను చదివిన కాలేజీ బయట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా దాటవేశాను. ఈ మధ్యాహ్నం కడపలో నేను పాఠాలు చెప్పే కాలేజీ కిటికీలోంచి తడిసిన మట్టి వాసన వచ్చేసరికి కరుణ మేడం గుర్తొచ్చారు.

కర్నూలులో ఆవిడ మాకు గ్రామీణాభివృద్ధి బోధించేవారు. ఆవిడా మెట్ట రైతుల బిడ్డే. ఏఐ వచ్చాక ఆవిడ పెట్టిన నియమం ఒకటే: వాడుకోవచ్చు, కానీ ఎక్కడ ఎంత వాడామో చివరి పేజీలో రాయాలి. దాచినట్టు తేలితే ప్రాజెక్టు రద్దు, ఏడాది పోయినట్టే. మా ఊరి ఆడవాళ్లు విత్తే వేళను ఎలా గుర్తిస్తారన్నది నా అంశం. అమ్మ చెప్పినవన్నీ రాసుకున్నాను గానీ, నా వాక్యాల మీద నాకే నమ్మకం లేక వాటిని ఏఐకి ఇచ్చాను. అది నున్నగా రాసిచ్చింది. ‘ఏమీ వాడలేదు’ అని సంతకం చేసి, గడువుకు మూడు రోజుల ముందే ఇచ్చేశాను.

మర్నాడు మేడం తన గదికి పిలిచారు.

“ఏం పాపా, మీ ఊళ్లో వాన పడితే కొడవండ్లు నూరుతారా? సినిమావాళ్లు వింటే శానా సంబరపడతారు!”

ఆవిడ వేలు పెట్టిన వాక్యం చదివాను: ‘వర్షం కురిశాక పనిముట్లకు పదును పెట్టి విత్తనం వేస్తారు.’ అమ్మ అన్నది “పదునయితేనే బుడ్డలు ఏసేది” అని. బుడ్డలంటే వేరుశనగలు. విత్తనం మొలిచేంత తడి నేలకు అందడాన్ని మేం పదును అంటాం. ఏఐ దాన్ని కత్తి పదును అనుకుంది. వేరుశనగ చేలో పెరిగిన నేను, ఆ వాక్యం చదవకుండానే సంతకం పెట్టాను.

“ఇది నువ్వు రాసిందేనా?”

“కాదు మేడం. ఏఐ రాసింది.”

“వాడుకోమనే కదా చెప్పినా. ఎందుకు దాచినావు?”

“నా రాత బాగుండదని... సిగ్గేసింది.”

“మీయమ్మ మాట తప్పు రాసేదానికి సిగ్గు కాలేదే?” అంటూ కాగితాలు నా ముందుకు తోశారు. “గడువు దాకా ఎవురైనా ఎనక్కి తీసుకోవచ్చు. సోమవారం దాకా టైముండాది. ఎత్తుకొని పో.”

ఆ రెండు రోజులూ అమ్మకు ఫోన్ చేసి ఒక్కొక్క మాటా మళ్లీ అడిగాను. అంతా నా చేత్తో రాశాను. చివరి పేజీలో, ముందు ఏఐతో రాయించానని, పదును దగ్గర అది పొరబడిందని, చదవకుండా నేనూ పొరబడ్డానని రాశాను. రాశాక ఒళ్లు తేలికపడింది.

ఇప్పుడు నా విద్యార్థుల కాగితాల్లో ముందుగా చూసేది చివరి పేజీనే. అనుమానం వస్తే కోప్పడను. పక్కన కూర్చోబెట్టి, రాసినదాన్ని పైకి చదివిస్తాను. సగం చదివేసరికి చాలామంది వాళ్లే చెప్పేస్తారు.

నా వైవా అయిన నెలకే మేడం పదవీ విరమణ చేశారు, మళ్లీ కలవలేదు. వైవా రోజు తన గది గుమ్మం దగ్గర నా ప్రాజెక్టు చేతిలో పట్టుకుని ఆవిడ అన్నారు:

“ఈ తూరి చదువుతాంటే నువ్వే పక్కన కూర్చోని మాట్లాడినట్టుండాది పాపా. పో, బస్సు పోతాది.”