అమ్మ మోకాలి గుజ్జు

మా అమ్మ రాయపురంలో చేపలమ్ముతుంది. నేను షోళింగనల్లూరు దగ్గర ఒక ల్యాబ్‌లో మోకాలి గుజ్జు పెంచే పని చేస్తాను. పుస్తకాల్లో దాన్ని మృదులాస్థి అంటారు గానీ, ఆ మాట మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు.

ఎముక మూలుగ నుంచి తీసిన మూలకణాలను, సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ అనే పదార్థంలో కలుపుతాం. కాల్షియం తగలగానే అది జెల్లీలా గడ్డకడుతుంది. ఇక ఆ కణాలకు అదే ఇల్లు. అవి గుజ్జుగా మారతాయేమోనని వారాల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. చాలాసార్లు మారవు. మారినా వేలితో నొక్కితే చితికిపోతాయి.

ఇదంతా ఒకసారి అమ్మకు చెప్పాను. నాచు గడ్డకడుతుందన్న ఒక్క ముక్కే ఆమె చెవికెక్కింది.

“గట్టిపడింది గదా, ఇంకేంది? తాజాగా ఉండంగానే మోకాల్లో పెట్టేయాల. నిలవుంచితే చెడిపోదా?” అంది. పొద్దున వచ్చిన సరుకు పొద్దున్నే పోవాలనుకునే మనిషి మరి.

పీట మీద కూర్చుని కూర్చుని అమ్మ మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. డాక్టరు మోకీలు మార్చే ఆపరేషన్ చేయించుకోమన్నాడు. అమ్మ వింటేనా! “మా పాప చేస్తా ఉండాది, నాకా ఇనుప ముక్కెందుకు?” అని బేరానికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. వాళ్లు నన్ను దారిలో ఆపి “మాకూ ఒకటి చూడు పాపా” అనేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. అమ్మ మాత్రం గోడ పట్టుకుని పక్కవాటుగా మెట్లు దిగే స్థితికొచ్చింది. చూస్తే భయం వేసేది, ఒళ్లూ మండేది.

ఒక ఆదివారం ఆమె మోకాళ్లకు నూనె రాసుకుంటుంటే ఉన్నదున్నట్టు చెప్పేశాను.

“నేను చేసే గుజ్జు నీకు పనికిరాదు మా. చిన్న గుంత పూడ్చేదానికే ఇంకా తంటాలు పడతా ఉండాం. నీది మొత్తం అరిగిపోయింది. ఆపరేషన్ చేయించుకో.”

“మరి ఇన్నాళ్లూ ఆడ నువ్వు చేసిందేంది?”

నాకు ఏడుపొచ్చింది. అమ్మ నూనె గిన్నె పక్కన పెట్టి అడిగింది. “ఆ కణాలు యాడ్నించి తెస్తారు మీరు?”

“ఇట్టాంటి ఆపరేషన్లలో తీసి పారేసే ఎముకల్లోనించే. ఆ మనిషి ఒప్పుకుంటే ఆస్పత్రోళ్లు మాకిస్తారు.”

ఆమె లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి పోయింది. మర్నాడు నేను చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి పిలిచింది.

“సెరి మే, చేయించుకుంటాలే. నా కాల్లోనించి తీసింది మాత్రం పారేయనీయొద్దు. నీ ల్యాబుకే ఎత్తుకుపో. తాజాగా ఉండంగానే.”

ఆపరేషన్ రోజునే ఆస్పత్రి నుంచి ఐసు పెట్టె వచ్చింది. మాకొచ్చే పెట్టెల మీద పేర్లుండవు. ఇది ఎవరిదో నాకు తెలుసు. మూత తీశాను. ఐసు కరిగేలోగా పని మొదలుపెట్టాను.