పాత్ర దొరకని అడ్మిన్ బాబాయ్

ఆఫీసంతా ఆయన్ని అడ్మిన్ బాబాయ్ అంటుంది. సర్వర్‌కు తుమ్మొచ్చినా ఆయన అనుమతి కావాలట. ఎవరేమడిగినా కళ్లజోడు తుడుచుకుంటూ "చూద్దాం" అనేవాడు. కంప్యూటర్లో అడ్మిన్ ఒక్కడికే అన్నీ తెరిచే పాత పద్ధతి మాని, ఎవరి పనికి తగినవే తెరిచే పాత్ర, అదే రోల్, వాళ్లకివ్వమని మేనేజరమ్మ చెప్పింది. వారం కూర్చుని, వాచ్‌మన్‌తో సహా నూట పన్నెండు మందికి పాత్రలు రాశాడు. ఇకపై వాటిని పంచే పాత్రను సెలవులు చూసే గుమస్తా అమ్మాయికిచ్చి, పాత పద్ధతిని తన చేత్తోనే చెరిపేశాడు. వెంటనే తెర మీద "మీకు ఏ పాత్రా లేదు" అని వచ్చింది. తన పేరు రాసుకోవడం మరిచాడు.

గుమస్తా ముందుకెళ్లి, "అమ్మడూ, నాకూ ఓ పాత్ర పడేయవే" అన్నాడు.

"గిన్నెనా, గంగాళమా బాబాయ్?" అని నవ్వి, ఆమె ఫారం తెరిచింది. "ఇంతకీ మీరు చేసే పనేంటో చెప్పండి, రాస్తాను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అదొక్కటీ తప్ప ఇంకేదైనా అడుగమ్మా."